ఉప్పు కలిసిన బొగ్గు

ఆ మాట అన్నప్పుడు సుమిత్రమ్మ నోటికి తీయగానే ఉంది. చేదు ఇంటికి వచ్చాక మొదలైంది.

వికారాబాద్ డాక్ బంగళా ముందుగదిలో బల్ల వేశారు. హైకోర్టు పంపిన కమిషనర్, నెరిసిన మీసాల వకీలు, సాక్షులు చెప్పింది రాసుకుంటున్నాడు. ఆడవాళ్లను పట్నం దాకా తిప్పడం ఎందుకని కోర్టే ఈ ఏర్పాటు చేసింది. బల్లకు ఒక పక్క పట్నం కంపెనీ వకీలు కూర్చున్నాడు. ఇంకో పక్క దేవప్ప తరఫు వకీలు, ఆయన వెనకే దేవప్ప. దేవప్ప సుమిత్రమ్మకు తోడబుట్టిన తమ్ముడు. తాండూరులో కరెంటు మోటార్లు బాగుచేస్తాడు. ఆమె మాత్రం ఆ రోజు కంపెనీ తరఫు సాక్షి.

కంపెనీ వకీలు సంచిలోంచి నల్లటి ఉండ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేందమ్మా?"

"కుంపట్లకు బొగ్గు ఉండ."

"ఎట్ల చేస్తరు?"

సుమిత్రమ్మకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద బల్ల వేసి అడిగే ప్రశ్నా ఇది? "మాది బొగ్గుల అడితి సారూ. బస్తాల అడుగుకు నుసి మిగుల్తది. దాంట్ల జర నల్లరేగడి మన్ను కలిపి, నీళ్లు పోసి పిసికి, ఉండలు కట్టి ఎండబెడ్తం."

"మీరు కనిపెట్టిండ్రా?"

"అయ్యో, నేనెందుకు కనిపెడ్త? మా అమ్మ చేసేది. వాళ్లమ్మ గూడ చేసేదంట."

వకీలు తృప్తిగా తల ఊపి కమిషనర్ వైపు తిరిగాడు. ఆయన వాదన అప్పటికి మూడోసారి విన్నారు అందరూ. తాండూరు నేలంతా బండ. బండలు కోసే, నునుపు చేసే కార్ఖానాల్లో మోటారు నుంచి కరెంటు కారితే, నీళ్లలో నిలబడ్డ మనిషిని పట్టుకుంటుంది. పట్టుకోకుండా ఆ కరెంటును భూమిలోకి దింపాలంటే గుంత తవ్వి, గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోస్తారు. అది ప్రతి కరెంటు మేస్త్రీకి తెలిసిన సంగతి. కానీ బండనేలలో ఆ గుంత ఎండిపోతుంది, లేదంటే వానకు ఉప్పంతా కొట్టుకుపోతుంది. దేవప్ప బొగ్గు నుసి, రేగడి మన్ను, ఉప్పు కలిపి ముద్ద చేసి గొట్టం చుట్టూ కూరాడు. ఆ ముద్ద ఎండదు, కరగదు, కరెంటు దాని గుండా సాఫీగా దిగిపోతుంది. దానికి కలకత్తా నుంచి పేటెంటు తెచ్చుకున్నాడు. అది కొట్టేయమని, తానూ అదే ముద్ద అమ్ముకోవాలనుకునే కంపెనీ దావా. బొగ్గూ ఉప్పూ పాత సంగతి, బొగ్గూ మన్నూ ఇంకా పాత సంగతి, రెండు పాతవి కలిపితే కొత్తది ఎట్లా అవుతుందని దాని వాదన.

"ఆఖరి మాట అమ్మా. బొగ్గు, మన్ను కలిపేటోళ్లకు దాంట్ల ఉప్పు గూడ కలపాల్నని తోచుడు పెద్ద సంగతా?"

సుమిత్రమ్మ తమ్ముడి వైపు చూసింది. దేవప్ప తల వంచుకుని చెప్పు కొనతో నేల మీద గీస్తున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది. జేబులో రెండు పెన్నులు.

"దాంట్ల ఏమున్నది సారూ?" అంది. "మన్ను పిసికేటోళ్లకు ఉప్పు ఏసుడు ఒక పనా? మా తాన ఏ ఆడిదాన్ని అడిగినా చెప్తది."

కమిషనర్ రాసుకున్నాడు. దేవప్ప వకీలు ప్రశ్నలు అడగడానికి లేవబోయాడు. దేవప్ప ఆయన కోటు చెయ్యి పట్టుకుని లాగాడు.

"వద్దు సారూ. మా అక్కను ఏమడగొద్దు."

*

ఇంటికి వచ్చాక కుంపటి రాజేద్దామని కూర్చుంది. చేతులు బొగ్గు ఉండల బుట్టలోకి పోలేదు. భర్త జంగప్ప అడితి మూసి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ కోసం కాసేపు చూశాడు.

"ఏమైందే? కంపెనీ వకీలు మస్తు మెచ్చుకుంటుండట నిన్ను. సాక్షి అంటే గిట్ల ఉండాలె అన్నడంట."

"నీ నోరే గద మొదలువెట్టింది," అంది ఆమె.

అదీ నిజమే. కంపెనీ మనిషి బొగ్గు నుసి బేరానికి వచ్చినప్పుడు జంగప్పే గొప్పగా చెప్పాడు, మా ఇంటిది ఎప్పటినుంచో ఈ ముద్దలు చేస్తదని. ఆ వెనకే కోర్టు సమను వచ్చింది. కానీ డాక్ బంగళాలో మాట్లాడిన నోరు జంగప్పది కాదు.

నేను అబద్ధం చెప్పలేదు కదా అనుకుంది. ఎదురు ప్రశ్న వేశాను, అంతే. ప్రశ్న అబద్ధం ఎట్లా అవుతుంది? అలా అనుకున్న కొద్దీ నాలుగేండ్ల కింది మాట గుర్తుకు రాసాగింది.

అది నడి ఎండాకాలం. నల్లా ఎండిపోయి, బావి అడుగంటి, బిందెడు నీళ్ల కోసం స్టేషన్ దాకా నడిచే రోజులు. తొక్కు కోసం ఉప్పులో ఊరవేసిన మామిడికాయలు తీసేశాక జాడీలో నీళ్లు మిగిలాయి. పారబోయడానికి ప్రాణం ఒప్పలేదు. బొగ్గుకు ఏ నీళ్లయితే ఏం అనుకుని, ఆ ఉప్పునీళ్లే పోసి నుసీ మన్నూ పిసికింది. ఆ ఉండలు కుంపట్లో పడగానే చిటపటమని ఎగిరాయి. ఒకటి జంగప్ప పంచె మీద పడి చిల్లు చేసింది. తర్వాత పొగ చిమ్మి, నిప్పు చచ్చింది. ఎండలో పెడితే పై పొర ఆరినట్టే ఉండేది, లోపల తడి తడిగానే. చివరికి విసుగొచ్చి తిట్టుకుంటూ వెనక గోడ నీడకు విసిరేసింది.

తొలకరికి ముందు దేవప్ప గుంతలకు బొగ్గు కొనడానికి తాండూరు నుంచి వచ్చాడు. అప్పుడతని మనసంతా బీరయ్య మీదే ఉంది. బీరయ్య గొర్లు అమ్ముకుని కార్ఖానాలో బండలు కోసే పనికి కుదిరిన మనిషి. మోటారు పట్టుకుంటే కుడిచెయ్యి కాలి, వేళ్లు ముడుచుకుపోయాయి. వెనక గోడ దగ్గర కాళ్లు కడుక్కుంటూ దేవప్ప ఆ ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని పిసికాడు. అది పిండిముద్దలా వేళ్లకు అంటుకుంది.

"అక్కా, గిది ఇంక ఎండలే?"

"పాడువడ్డయి. ఉప్పునీళ్లు పోసిన. తొక్కకు, కాళ్లకు అంటుతయి."

"ఉప్పు ఎందుకు పోసినవే?"

"మతి లేక. బొగ్గుల ఉప్పు ఎవరన్న ఏస్తరారా? మంట సచ్చిపోతది, తడి ఆరదు. నేను గాబట్టి ఏసిన. ఇంకెవతన్న ఏస్తే అత్త ఇంట్లకెల్లి ఎల్లగొడ్తది."

దేవప్ప నవ్వలేదు. రెండు ఉండలు రుమాలులో మూటగట్టుకుని పోయాడు. ఆ తర్వాత రెండేండ్లు తాండూరు పోయినప్పుడల్లా చూసింది ఆమె, తమ్ముడి షెడ్డు వెనక గుంతలే గుంతలు. ఒకసారి మన్ను ఎక్కువై ముద్ద పగిలేది, ఒకసారి ఉప్పు ఎక్కువై గొట్టం తుప్పు పట్టేది. రుక్కమ్మ, అతని పెండ్లాం, "మా ఆయన బొందలు తవ్వుతుండు వదినె" అని తల కొట్టుకునేది.

పేటెంటు కాయితం వచ్చిన రోజు అందరినీ పిలిచి భోజనాలు పెట్టారు. కార్ఖానా సేటు దేవప్ప భుజం తట్టి, ఈ ఉపాయం ఎట్లా తట్టిందయ్యా అని అడిగాడు. సుమిత్రమ్మ నీళ్ల చెంబుతో అక్కడే నిలబడి ఉంది. ఇప్పుడు అంటాడు, మా అక్క గోడవతల పారేసిన ఉండలు అని, ఇప్పుడు అంటాడు అని చూసింది.

"ఏం చెప్పాలె సేట్. తల పగలగొట్టుకున్న," అన్నాడు దేవప్ప.

అంతే. సుమిత్రమ్మ నీళ్లు పోసి, మిగతా వరుసకు మజ్జిగ కూడా పోసి, సాయంత్రం బండికి వచ్చేసింది. ఆ చిన్న మాట ఆమె కడుపులో ఆ ఉండల్లాగే ఆరకుండా పడి ఉంది. డాక్ బంగళాలో బయటికి వచ్చింది అదే.

*

మర్నాడు పక్కింటి శాంతవ్వ పిడికెడు చక్కెర కోసం వచ్చి, గడప మీదే కూలబడింది.

"ఏమే సుమిత్రా, బొగ్గుల ఉప్పేసుడు మా అందరికి తెల్సన్నవట గదా కోర్టుల?"

"ఎవరన్నరు?"

"ఊరంత అనవట్టె. నిన్న మా కోడలు అడుగుతుంది, అత్తా గట్ల ఏస్తరా అని. ఏసి చూడే, మామ మీసాలు కాల్తయి అన్న." శాంతవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకింత వయసొచ్చింది, ఒక్కనాడన్న ఏసిన్నా? దిష్టి తీసినప్పుడు నిప్పుల దొడ్డుప్పు ఏస్తం, చిటపటమంటదని. వంటకు ఎవరేస్తరే? కోర్టోనికి వంట రాదని గట్ల చెప్పినవా ఏంది?"

సుమిత్రమ్మ చక్కెర గిన్నెలో పోస్తుంటే సగం కింద పడింది.

"పోనీ తియ్యి, మొగోళ్ల కొట్లాట," అని శాంతవ్వ లేచింది. "నీ తమ్ముడు నీ కొంగు వట్టుకొని పెరిగిండు గదా. గందుకే నిన్ను ఒక్క మాట గూడ అడగనియ్యలేదంట. మంచోడు."

ఆ 'మంచోడు' రోజంతా ఆమెను వదల్లేదు. తల్లి పోయినప్పుడు దేవప్పకు పాలపళ్లు కూడా ఊడలేదు. తన పెండ్లప్పుడు చీర కుచ్చిళ్లు పట్టుకుని, నన్నూ తీసుకపో అని బండి ఎక్కి కూర్చున్నాడు. జంగప్పే నవ్వి, ఉండనీ అన్నాడు. అలాంటివాడి మీద, ఒక చెంబు నీళ్లు పోసేంతలో దాచుకున్న కోపం. ఆ కోపానికి వాడి రెండేండ్ల కష్టం బలి.

ఆ రాత్రి అన్నం దగ్గర జంగప్పతో అంది. "రేపు తాండూరు పోత."

"కమిషనర్ రేపు ఆడనే కూసుంటడంట. ఎందుకు నువ్వు?"

"గందుకే."

జంగప్ప ముద్ద ఆపాడు. "చెప్పింది చెప్పినవ్. మల్ల కెలుక్కుంటే రెండు దిక్కుల చెడ్తవ్ సుమిత్రా. ఇడ్సిపెట్టు."

ఆమె పొద్దున ప్యాసింజరు ఎక్కింది.

*

"బర్రి వదినె," అంది రుక్కమ్మ గుమ్మంలో. సేడం పిల్ల, ఎంత కోపంలో ఉన్నా కన్నడంలో 'రండి' అనే మర్యాద ముందొస్తుంది. తర్వాత ముఖం తిప్పుకుంది. "ఆయన కార్ఖానల ఉన్నడు. అందరు ఆడనే ఉన్నరు. నువ్వు గూడ పో, ఇంకేమన్న మిగిలితే చెప్పొస్తువు."

సుమిత్రమ్మ మంచినీళ్లు కూడా అడగకుండా కార్ఖానాకు నడిచింది.

కమిషనర్ అప్పుడే గుంత చూసి వచ్చి, బండల దొంతర పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నాడు. కోత యంత్రాలు ఆపేశారు. పనివాళ్లు తెల్లటి బండసున్నం ముఖాలతో చుట్టూ నిలబడ్డారు. ముడుచుకుపోయిన చెయ్యిని తువ్వాలు కింద పెట్టుకుని బీరయ్య కూడా ఉన్నాడు. ఆమెను చూడగానే దేవప్ప గబగబా ఎదురొచ్చాడు.

"అక్కా, ఎందుకొచ్చినవ్? ఇంటికి పో."

"మొన్న ఒక మాట తప్పు చెప్పినరా. సరి చేస్త."

"వద్దే. నీకు తెల్వదు. నా మాటిను, ఇంటికి పో." అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం తన పరువు కోసమే అనుకుంది సుమిత్రమ్మ. తమ్ముడి చెయ్యి విడిపించుకుని కమిషనర్ ముందుకు పోయి నిలబడింది.

"సారూ, నాది ఒక మాట మిగిలింది."

కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పాడు. కమిషనర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇటూ అటూ చూసి, చెప్పుకోనివ్వండి, ఎట్లా చెప్పిందీ అట్లాగే రాస్తాను, విలువ కోర్టు చూసుకుంటుంది అన్నాడు.

ఆమె చెప్పింది. కుంపట్లో ఉప్పు పడితే ఏమవుతుందో చెప్పింది. ఉప్పు కలిసిన ఉండ ఎండదని, ఎండని ఉండ పొయ్యికి పనికిరాదని, అందుకే ఏ ఆడదీ ఆ పని చెయ్యదని చెప్పింది. తాను ఒకసారి పొరపాటున చేసి గోడవతల పారేశానని కూడా చెప్పింది.

"దాంతోని ఇసోంటి పని అయితదని తెలిస్తే పారేస్తనా సారూ? తెల్వదు గాబట్టే పారేసిన. మా ఆడోళ్లకు ఎవరికి తెల్వదు. మొన్న నేను తెల్సన్నది అబద్ధం."

పనివాళ్లలో గుసగుస మొదలైంది. దేవప్ప వకీలు ముఖం ఒక్క నిమిషం వెలిగింది. కంపెనీ వకీలు మాత్రం తొందరపడలేదు. మెల్లగా లేచాడు.

"మొన్న అబద్ధం ఎందుకు చెప్పిండ్రమ్మా?"

దీనికి ఆమె రైల్లోనే సిద్ధపడింది. అయినా ముందు చుట్టూ నిలబడ్డ పనివాళ్లను ఒకసారి చూసింది.

"కడుపుమంట సారూ," అంది చివరికి. "నా తమ్ముడు నా పేరు ఎత్తలేదని."

"ఎందుకు ఎత్తాలె మీ పేరు?"

"గా పారేసిన ఉండలు చూసే గద వాడికి..."

సగంలో ఆగింది. ఆగినా ఆలస్యమైపోయింది. వకీలు కళ్లలో వెలుగు చూసి, ఏం చేసిందో సగం అర్థమైంది. మిగతా సగం దేవప్ప ముఖం చూశాక అర్థమైంది.

"అంటే, బొగ్గు, మన్ను, ఉప్పు, మూడు కలిపిన ముద్ద మొదలు చేసింది మీరు. మీ తమ్ముడు మీ వెనకింట్ల చూసి తెచ్చుకున్నడు. కలకత్తాకు మాత్రం నేనే మొదలు కనిపెట్టిన అని రాసి సంతకం పెట్టిండు. అంతేనా?"

"అట్ల కాదు సారూ. నేను పాడుచేసిన. వాడు బాగుచేసిండు."

"పాడుచేసింది, బాగుచేసింది ఒక్క ముద్దే గద అమ్మా?"

రెండేండ్ల గుంతలు, పగిలిన ముద్దలు, తుప్పు పట్టిన గొట్టాలు, ఇవన్నీ ఆమె కళ్ల ముందున్నాయి. ఒక్క మాటగా చేసి ఎట్లా చెప్పాలో తెలియలేదు. కమిషనర్ కలం గీస్తున్న చప్పుడు ఆగిన యంత్రాల మధ్య పెద్దగా వినిపించింది.

*

తమ్ముడి షెడ్డు ముందు ఇద్దరూ కూర్చున్నారు, సాయంత్రం బండి టైము దాకా.

"గందుకేనా గా దినం నన్ను అడగనియ్యలేదు?" అంది.

"వకీలు ముందే చెప్పిండక్కా. ఇది ఎట్ల తట్టిందో ఎవరికి చెప్పకు, వేరేటోళ్ల చేతిల మొదలు పుట్టింది అంటే కాయిదం నిలవదు అని. సేటు అడిగిననాడు నువ్వు చెంబు వట్టుకొని నిలవడ్డవ్. చూసిన. నోటిదాంక వచ్చింది." అతను నేల మీది రాతిముక్క తీసి దూరంగా విసిరాడు. "మింగిన."

"నాకన్న చెవుల వేస్తే అయిపోతుండె గదరా."

"ఎట్ల చెప్పాలె? నీ ముద్ద నాదని రాసుకున్ననే అని చెప్పాల్నా?"

ఇంట్లోంచి రుక్కమ్మ గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత రెండు కప్పుల చాయ్ గడప మీద పెట్టి లోపలికి పోయింది. చాయ్ చల్లారేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

తీర్పు వానాకాలం వెళ్లాక వచ్చింది. పేటెంటు కొట్టేశారు. రెండు పాత సంగతులను పక్కపక్కన పెట్టడం ఏ మేస్త్రీకైనా తోచేదేనని జడ్జి రాశాడట. మరి సుమిత్రమ్మ మాట? ఇవాళ ఒకటి, నిన్న ఒకటి చెప్పిన సాక్షిని ఏ పక్కకూ లెక్కలోకి తీసుకోలేదని దేవప్ప వకీలు చదివి చెప్పాడు. "నీ మాటతోని పోలేదు సుమిత్రా, ఫికర్ చెయ్యకు," అన్నాడు జంగప్ప. ఆమెకు అది ఓదార్పు అనిపించలేదు. మొదటి రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పి, అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఆ మాటకు బరువు ఉండేది. ఆ బరువు తానే తీసేసింది. నీ వల్లే పోయిందని ఎవరైనా మొహం మీద అంటే బాగుండుననిపించేది. ఎవరూ అనలేదు.

కంపెనీ ఇప్పుడు అదే ముద్దను సంచుల్లో నింపి, సంచి మీద తన ముద్ర వేసి అమ్ముతోంది. నుసి కోసం వాళ్ల మనిషి అడితికి వచ్చినప్పుడు సుమిత్రమ్మ లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఇంట్లో కుంపటి మూలకు చేరింది. కట్టెల పొయ్యి మీదే వండుతోంది. పొగకు కళ్లు మండుతున్నాయని జంగప్ప గొణిగినా వినిపించుకోలేదు.

చలికాలంలో ఒకరోజు దేవప్ప వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు. మోమిన్‌పేట్‌లో పిండిగిర్నీ ఒకటి పెడుతున్నారని, దానికి గుంత నింపాలని, నుసి కావాలన్నాడు. బీరయ్య కూడా వెంట వచ్చాడు, ఎడమచేత్తో సంచి పట్టుకుని.

"కంపెనీ సంచి కొంటరేమో అనుకున్న," అన్నాడు జంగప్ప.

"నా చేతులున్నయి గద బావా," అన్నాడు దేవప్ప.

వెనకింట్లో సుమిత్రమ్మ నుసి జల్లెడ పట్టి, రేగడి మన్ను పోసి, నీళ్లు చిలకరించి పిసకసాగింది. ఎన్ని నెలలైందో చేతులకు బొగ్గు అంటి. దేవప్ప గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు, ఒకప్పుడు ఆమె ఆ ఉండలు పారేసిన చోటే. బీరయ్య దొడ్డుప్పు సంచి విప్పి ఆమె ముందు పెట్టాడు.

ఆమె పిడికిట్లోకి ఉప్పు తీసుకుని ఆగింది.

"ఎంత ఏయాల్రా?"

"నీకు తెల్సు గదక్కా," అన్నాడు దేవప్ప.

సుమిత్రమ్మ తల ఎత్తి చూసింది. తమ్ముడు ఆమె వైపు చూడటం లేదు, గోడ మీద గోటితో ఏదో గీకుతున్నాడు. ఆ మాట మామూలుగా అన్నాడో, డాక్ బంగళాలో తాను అన్న మాటను తనకే తిప్పి ఇచ్చాడో ఆమెకు తెలియలేదు. అడగనూ లేదు.

"తెల్వదురా," అంది. "నువ్వే చెప్పు."

దేవప్ప వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. ఆమె పిడికిలి విప్పి, సగం ఉప్పు తిరిగి సంచిలో పోశాడు.